భీమవరంలో మా యూఎస్‌బీ బోర్డు చూపించుకున్న సంగతి

మొగల్తూరు దగ్గర మా బావ రొయ్యల చెరువు మీద ఒక కెమెరా పెట్టాం. మొదటి నాలుగు నెలల్లో అది రాత్రంతా ఆగకుండా పనిచేసింది ఒక్కసారీ లేదు. ఇంట్లో బల్ల మీద బాగానే ఉంటుంది. గట్టు మీదికి తీసుకెళ్తే పది నిమిషాలకు బొమ్మ ఆగిపోతుంది. లైటు వేస్తే ఆగుతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ వేస్తే ఆగుతుంది, ఒక్కోసారి ఎవరూ ఏమీ చేయకపోయినా ఆగుతుంది. పోయిన నెల ఆ కెమెరాను నడిపే సర్క్యూట్ బోర్డును భీమవరంలో ఒక చోట చూపించాను. అక్కడ రోగం తేలింది. మన ప్రాంతంలో బోర్డులు గీసుకునే కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు, ఇలాంటి చోటు ఒకటుందని వాళ్ళలో ఎక్కువమందికి తెలియదు. అందుకే నచ్చినవీ నచ్చనివీ కలిపి వివరంగా రాస్తున్నాను.

ముందు మా పెట్టె ఏమిటో చెప్పాలి. వనామీ రొయ్యల సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే. వేసిన మేత తింటున్నాయో లేదో తెలియడానికి చెక్ ట్రేలో కొంచెం మేత వేసి నీళ్ళలోకి దించుతారు, కొంతసేపటికి పైకి లాగి ఎంత మిగిలిందో చూస్తారు. దాన్నిబట్టి తర్వాతి పూట మేత పెంచడమో తగ్గించడమో. ట్రే పైకి తీయగానే బొమ్మ తీసి బావ ఫోనుకు పంపడం మా పెట్టె పని. లోపల చిన్న లైనక్స్ కంప్యూటర్, నేను గీసిన బోర్డు, దాని మీద ఒక యూఎస్‌బీ లైనును నాలుగుగా పంచే హబ్ చిప్, రెండు కెమెరాలు, ఒక 4జీ డాంగిల్. కెమెరాలకు యూఎస్‌బీ 2.0లో హై స్పీడ్, అంటే సెకనుకు 480 మెగాబిట్లు తప్పనిసరి. 1280×720 బొమ్మను కుదించకుండా పంపితే ఒక్క ఫ్రేమే 14.7 మెగాబిట్లు అవుతుంది. పాత ఫుల్ స్పీడ్ 12 మెగాబిట్లే, అందులో ఒక్క ఫ్రేమ్ రావడానికే సెకను దాటిపోతుంది.

మొదటి విడతలో 20 బోర్డులు చేయించాం. అన్నిట్లోనూ ఇదే గొడవ. కంప్యూటర్ లాగ్ తీస్తే ఎప్పుడూ ఒకటే వరస: డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71, అంటే పరికరంతో మాట సరిగ్గా కుదరలేదని. హైదరాబాద్‌లో ఒక డిజైన్ కంపెనీకి ఫైళ్ళు పంపిస్తే వారం తర్వాత ఒక్క ముక్క జవాబు వచ్చింది: డేటా పోయే రెండు రాగి గీతలు, అంటే డి ప్లస్, డి మైనస్ ట్రాకుల పొడవులు సమానంగా లేవు, సమానం చేయండి అని. దానికి వాళ్ళు తీసుకున్న డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. నేను నమ్మి ట్రాకును పాములా మెలికలు తిప్పి, రెండో విడత ఐదు బోర్డులు చేయించాను. ఏమీ మారలేదు. నిజానికి కొంచెం ఎక్కువైంది. ఎందుకో ఇక్కడికి వచ్చాకే అర్థమైంది.

చోటు సంగతికొస్తే, ఏరియేటర్ మోటార్లకు వైండింగ్ చేసే షాపు, దాని మేడ మీద ఒకే గది. బయట పేరు రాసిన బోర్డు లేదు. అక్కడ బోర్డులు పరీక్షించేది ఒకావిడ. చేతికి అందినంత పనే ఒప్పుకుంటారు, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆక్వా కంట్రోల్ ప్యానెళ్ళు చేసేవాళ్ళను అడిగితే దారి చెప్తారు, నాకూ అలాగే తెలిసింది. మెట్లెక్కుతుంటే కింది నుంచి వార్నిష్ వాసన కొడుతుంది. గదిలో మాత్రం ఏసీ ఉంది, నేల శుభ్రంగా ఉంది. ఒక మైక్రోస్కోప్, వేడిగాలితో సోల్డర్ కరిగించే హాట్ ఎయిర్, సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే 350 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోప్, ఒక పాత లాప్‌టాప్. గోడకు వరసగా మేకులు, మేకులకు యూఎస్‌బీ కేబుళ్ళు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి పసుపుతాడులా దారం కట్టి కాగితం ముక్క తగిలించారు: అర మీటరు, మీటరు, మూడు మీటర్లు, ఐదు మీటర్లు, లోపలి తీగ మందం, ఏ తేదీన పరీక్షించారో. ఆ కాగితాలు చూడగానే నాకు సగం నమ్మకం వచ్చేసింది.

నేను బల్ల మీద బోర్డు, నా కొత్త కేబులూ పెట్టాను. ఆవిడ కేబుల్ చేతిలోకి తీసుకుని, "ఇది చెరువు దగ్గర వాడేదేనాండీ?" అని అడిగారు. కాదన్నాను. "మరి ఆ కేబులే తెండి. ఆ అడాప్టరు కూడా. జబ్బు దాంట్లో ఉంటే ఇక్కడ నేను ఎంత చూసినా దొరకదు కదండీ" అన్నారు. ఆ రోజు అక్కడితో అయిపోయింది. వీరవాసరం నుంచి వెళ్ళినవాణ్ణి, వెనక్కి వచ్చి, మర్నాడు బావ చేత గట్టు మీది సరంజామా అంతా ఊడదీయించి తీసుకెళ్ళాను. ఫోనులో ముందే చెప్పి ఉంటే ఒక తిరుగుడు తప్పేది. ఇది ఆవిడ సర్దుకోవాల్సిన విషయం.

రెండో రోజు పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా పక్కనే కూర్చోనిచ్చారు. కేబుల్ మూతిని మైక్రోస్కోప్ కింద పెట్టి నన్నే చూడమన్నారు. నాలుగు పిన్నుల్లో రెండింటి అంచున ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. ఉప్పు గాలి, ఉప్పు నీళ్ళు, నాలుగు నెలలు. శుభ్రం చేశారు గానీ అసలు జబ్బు ఇది కాదని అప్పుడే చెప్పేశారు.

తర్వాత లెక్క మొదలుపెట్టారు. ఏ మార్పు చేసినా పది నిమిషాలు కెమెరా నడిపి, లాగ్‌లో తప్పులు ఎన్ని పడ్డాయో నోటుపుస్తకంలో రాస్తారు. ఒకసారికి ఒకటే మార్పు. రెండు కలిపి చేయనివ్వరు. నేను ఆత్రంగా కేబుల్ కూడా మార్చేద్దామంటే, "అప్పుడు దేనివల్ల తగ్గిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు" అన్నారు. ఏ మార్పూ చేయక ముందు, మూడు మీటర్ల కేబుల్‌తో పది నిమిషాల్లో 212 తప్పులు.

నాకు ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న అడిగాను. కంప్యూటర్ 480 అనే చూపిస్తోంది కదా, మరి డేటా ఎందుకు విరిగిపోతోంది? ఆవిడ స్కోప్ తగిలించి చూపించారు. హై స్పీడ్ పరికరం తగిలించగానే నేరుగా 480లో మాట్లాడదు. ముందు డి ప్లస్ తీగను 1.5 కిలో ఓమ్ రెసిస్టర్‌తో పైకి లాగి, ఫుల్ స్పీడ్ పరికరంలా కనిపిస్తుంది. హబ్ రీసెట్ ఇస్తుంది. అప్పుడు పరికరం ఒక పొడుగాటి కూత పెడుతుంది, దాన్నే చర్ప్ అంటారు. హబ్ దానికి కె, జె అనే రెండు సంకేతాలను కె, జె, కె, జె అని మార్చి మార్చి బదులు పలుకుతుంది. కనీసం మూడు జతలు వినిపిస్తే పరికరం ఆ రెసిస్టర్‌ను వదిలేసి హై స్పీడ్‌లోకి దిగుతుంది. లేకపోతే 12లోనే ఉండిపోతుంది. మా బోర్డులో ఈ కూతా బదులూ రెండూ స్కోప్ మీద శుభ్రంగా కనిపించాయి. "హబ్ పెట్టే ఒక్కో కూత 40 నుంచి 60 మైక్రోసెకన్లు ఉంటుందండి. కాలవకు అటు గట్టున ఉన్న మనిషిని ఓ... అని పిలిచినట్టు. ఎంత పాడు లైనులోనైనా వినపడుతుంది. ఆ తర్వాత ఒక్కో బిట్టుకు రెండు నానోసెకన్లే. గొడవంతా అక్కడ" అన్నారు. 480 అని కనిపించడం వేరు, 480లో మాట నిలవడం వేరు అని నాకు అప్పటిదాకా తట్టలేదు.

అక్కణ్ణుంచి ఆవిడ చేయి నేరుగా కనెక్టర్ పక్కనున్న చిన్న ఆరు కాళ్ళ డయోడ్ మీదికి వెళ్ళింది. చేత్తో ముట్టుకున్నప్పుడు కొట్టే స్టాటిక్ నుంచి చిప్పును కాపాడే డయోడ్ అది. దాని మీది గుర్తు చదివి, నా పార్టుల జాబితాతో పోల్చి చూశారు. రెండూ వేరు. జాబితాలో నేను రాసింది ఒక పికోఫారడ్ లోపు కెపాసిటెన్స్, అంటే ఛార్జి పట్టి ఉంచే గుణం, ఉన్నది. కొన్న చోట అది లేదని, అదే సైజులో ఇంకొకటి ఇచ్చారు. దాని కెపాసిటెన్స్ 30 పికోఫారడ్లు. ప్యాకేజీ ఒకటే, కాళ్ళు ఒకటే, మేం చూసుకోలేదు.

30 పికోఫారడ్లు ఏం చేస్తాయో ఆవిడ పుస్తకంలోనే లెక్క వేసి చూపించారు. ఒక వైపు 45 ఓమ్‌ల సోర్సు, ఇంకో వైపు 45 ఓమ్‌ల లైను. రెండూ కలిసి డయోడ్‌కు కనిపించేది 22.5 ఓమ్‌లు. దాన్ని 30 పికోఫారడ్లతో గుణిస్తే సుమారు 0.68 నానోసెకన్లు. సిగ్నల్ కింది నుంచి పైకి ఎక్కడానికి దీనికి 2.2 రెట్లు, అంటే 1.5 నానోసెకన్లు. బిట్టుకు ఉండే కాలమే 2.08. ఎక్కడంతోనే ముప్పావు వంతు కాలం అయిపోతుంది. ఇలాంటివి రోజూ ఎక్కడో చదువుతూనే ఉంటాం, కానీ మన బోర్డు మీద, మన డయోడ్‌తో, మన కళ్ళ ముందు లెక్క కడితే ఆ ముద్ర వేరు.

హాట్ ఎయిర్‌తో డయోడ్ పీకేశారు. మీటరు కేబుల్‌తో తప్పులు సున్నా. మూడు మీటర్లతో 19. చెరువు దగ్గర డయోడ్ లేకుండా వదలకూడదని, తన డబ్బాలోంచి సరైనది తీసి వేసి మళ్ళీ నడిపారు. 19 కాస్తా 20 అయింది, అంతే.

మిగిలిన 20 కోసమే ఎక్కువసేపు పట్టింది. బోర్డును తిరగేసి లైటుకు అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూశారు. మాది రెండు పొరల బోర్డు, 1.6 మిల్లీమీటర్ల మందం. పైన యూఎస్‌బీ జత, కింద గ్రౌండ్ రాగి. ఆ గ్రౌండ్ మధ్యలోంచి 12 వోల్టుల ట్రాకు అడ్డంగా పోతోంది, సరిగ్గా యూఎస్‌బీ జత కిందనే. నేను గీసిందే. ఖాళీ కనిపించింది కదా అని పోనిచ్చాను. సిగ్నల్ పై ట్రాకులో ముందుకు పోతుంటే దాని తిరుగు కరెంటు కింద గ్రౌండ్‌లో, ఆ ట్రాకు నీడలా వెనక్కి రావాలి. అక్కడ గ్రౌండ్ తెగి ఉంటే అది చుట్టూ తిరిగి వస్తుంది. ఆ చుట్టు ఎంత పెద్దదైతే బయటి అలజడిని అంతగా పట్టుకుంటుంది. నేను రెండో విడతలో వేసిన మెలికలన్నీ ఆ చీలిక మీదే పడ్డాయి. ఎందుకు ఎక్కువైందో ఇప్పుడు తెలిసింది.

ఇక ఆ మెలికలు ఏ పొడవు తేడా కోసం వేశానో దాన్ని కూడా ఆవిడ కొలిచారు. తేడా నాలుగు మిల్లీమీటర్లు. బోర్డు మీద సిగ్నల్ మిల్లీమీటరుకు ఆరేడు పికోసెకన్లు తీసుకుంటుంది. మొత్తం తేడా 25 పికోసెకన్ల చుట్టూ. బిట్టు కాలం 2,083 పికోసెకన్లు. "పొడవులు సమానంగా ఉండటం మంచిదే. కానీ ముందు చూసుకోవాల్సింది కింద గ్రౌండ్ తెగిందా లేదా అని" అన్నారు. హైదరాబాద్ వాళ్ళకు డబ్బిచ్చి రెండో విడత చేయించిన మాకు ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

చీలికను ఆవిడ కట్టిన తీరు నేను జన్మలో మర్చిపోను. 12 వోల్టుల ట్రాకు మీద కరెంటు పోనివ్వని పసుపురంగు కాప్టన్ టేపు చిన్న ముక్క అంటించారు. దాని మీద రాగి రేకు టేపు, పెసరగింజంత వెడల్పున కత్తిరించి, చీలికకు రెండు వైపులా గ్రౌండ్ మీద పచ్చని పూత గీకి, అక్కడ సోల్డర్ పోశారు. తెగిన గట్టు మీద పలక వేసి దారి కలిపినట్టు. మూడు మీటర్ల కేబుల్‌తో పది నిమిషాలు నడిపారు. సున్నా. ఇంకో పది నిమిషాలు. సున్నా.

అప్పుడు కింది షాపు కుర్రాణ్ణి కేకేశారు. రెండు హెచ్‌పీ ఏరియేటర్ మోటారు ఒకటి వైండింగ్ అయ్యి టెస్టుకు సిద్ధంగా ఉంది. దాని స్టార్టర్‌ను మేడ మెట్ల దాకా తెప్పించి, మా పాత బోర్డు పక్కన పెట్టి ఇరవైసార్లు వేసి ఆపమన్నారు. పదకొండుసార్లు కెమెరా పోయింది. టేపు వేసిన బోర్డుతో ఇరవైసార్లలో ఒక్కసారీ పోలేదు. పెద్ద ఊళ్ళో పెద్ద ల్యాబ్‌లో అయితే ఈ పరీక్ష ఎవరికీ తట్టదు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా ఏరియేటర్లు వేసి ఆపే ఊళ్ళో ఉన్నవాళ్ళకే తడుతుంది.

లైటు వేస్తే పోవడం మాత్రం అప్పటికీ అలాగే ఉంది. ఇది సిగ్నల్ జబ్బు కాదు, కరెంటు జబ్బు. మా కేబుల్ లోపలి పవర్ తీగలు 28 గేజ్, గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. మీటరుకు 0.213 ఓమ్ చొప్పున, మూడు మీటర్లు పోయి రావడానికి 1.28 ఓమ్‌లు. కెమెరా, దాని చుట్టూ ఉన్న చిన్న లైట్లు కలిసి అర ఆంపియర్ లాగితే 0.64 వోల్టులు దారిలోనే పోతాయి. ఐదు వోల్టులు అందాల్సిన కెమెరా దగ్గర వోల్టుమీటరు పెడితే 4.35 చూపించింది. 24 గేజ్ పవర్ తీగలున్న కేబుల్ మేకు మీంచి తీసి తగిలించారు. నష్టం పావు వోల్టుకు తగ్గింది. లైటు పది సార్లు వేసినా బొమ్మ కదల్లేదు. ఆ కేబుల్ నాకే 300 రూపాయలకు ఇచ్చేశారు.

ఆ రోజు పరీక్షకు 1,500 తీసుకున్నారు. చేతిరాతతో రెండు పేజీల రిపోర్టు ఇచ్చారు, ప్రతి మార్పుకూ తప్పుల అంకె ఎదురుగా రాసి. కొత్త బోర్డు గీసి ఇమ్మంటే ఒప్పుకోలేదు. "గీసేది మీరే. నేను చూసి చెప్తాను" అన్నారు. చూసి చెప్పడానికి ఇంకో 2,500. నేను నాలుగు పొరలతో గీశాను. పై పొరకూ దాని కింది గ్రౌండ్‌కూ మధ్య 0.2 మిల్లీమీటర్లే కాబట్టి, యూఎస్‌బీ అడిగే 90 ఓమ్‌ల ఇంపెడెన్స్, అంటే ఆ ట్రాకుల జత సిగ్నల్‌కు చూపే నిరోధం, సన్నటి ట్రాకులతోనే వచ్చేస్తుంది. పాత రెండు పొరల బోర్డులో నా పావు మిల్లీమీటరు ట్రాకులకు లెక్క కడితే 150 ఓమ్‌ల దాకా తేలింది. అంత తేడాతో అసలు ఏదో ఒక మేరకు పనిచేయడమే ఎక్కువ.

నా కొత్త ఫైలు మీద ఆవిడ ఏడు చోట్ల ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టారు. నాకు బాగా పనికొచ్చినవి రెండు. టెస్టు కోసమని డి ప్లస్, డి మైనస్‌ల నుంచి పక్కకు లాగిన చిన్న ప్యాడ్లు తీసేయమన్నారు, చివర్న వేలాడే తోక ముక్కలు సిగ్నల్‌ను తిప్పికొడతాయి కాబట్టి. డయోడ్‌ను కనెక్టర్‌కు ఆనించి, ట్రాకు దాని కాళ్ళ మీదుగానే పోయేలా గీయమన్నారు. బోర్డు తయారుచేసేవాళ్ళకు 90 ఓమ్‌లు కావాలని రాసిస్తే పొరల మందాన్ని బట్టి ట్రాకు వెడల్పు వాళ్ళే సరిచేస్తారని, అది తప్పకుండా రాయమని కూడా చెప్పారు.

నచ్చని సంగతులు కూడా చెప్పాలి. ఆవిడ దగ్గరున్న 350 మెగాహెర్ట్జ్ స్కోప్‌తో హై స్పీడ్ ఐ డయాగ్రమ్, అంటే బిట్లు ఎంత స్పష్టంగా వస్తున్నాయో చూపే బొమ్మ, తీయడం కుదరదు, దానికి రెండు గిగాహెర్ట్జ్ స్థాయి స్కోప్, ప్రత్యేకమైన టెస్టు ఫిక్స్చర్ కావాలి. ఆ మాట ఆవిడే మొదట చెప్పారు. మీ వస్తువుకు యూఎస్‌బీ లోగో సర్టిఫికెట్ కావాలంటే ఇది చోటు కాదు. 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3 బోర్డులు అసలు ముట్టుకోరు. ఫోను తీయడం తక్కువ, మెసేజ్‌కు రెండు రోజులకు జవాబు వస్తుంది. లేఅవుట్ చూసి ఇవ్వడానికి నాలుగు రోజులన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. ఈలోపు బావ రోజూ ఫోను చేసి అడుగుతుంటే నాకు టెన్షన్. డయోడ్ పీకేటప్పుడు ఒక బోర్డులో ప్యాడ్ లేచిపోయింది, అది ఆవిడే చెప్పి, సన్న తీగతో కట్టి, ఆ బోర్డుకు డబ్బు తగ్గించారు.

కొత్త బోర్డులు ఐదు వచ్చాయి. రెండు మొగల్తూరులో, మూడు ఆకివీడు దగ్గర. ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. మైనస్ 71 ఒక్కటీ పడలేదు. పాత ఇరవైలో పదహారింటికి డయోడ్ మార్చి, రాగి టేపు వేసి, మందపు కేబుళ్ళతో వాడుకుంటున్నాం. బావ పొద్దున్నే ట్రే బొమ్మలు చూసుకుని మేత లెక్క వేసుకుంటున్నాడు.

వెళ్ళేవాళ్ళు ఇవి పట్టుకెళ్ళండి: పాడైన బోర్డు ఒకటి, పార్టులు వేయని ఖాళీ బోర్డు ఒకటి, పని చేసే చోట వాడే కేబులూ అడాప్టరూ, సర్క్యూట్ ఫైలు, పార్టులు కొన్న బిల్లు. బిల్లు ఎందుకంటే డయోడ్ నంబరు దాని మీద ఉంటుంది. ఒంటిగంట నుంచి మూడు దాకా తలుపు వేసి ఉంటుంది. ఆదివారం లేదు.